మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలానికి మాస్టర్ ప్లాన్ ఎలా వేయాలి

నగరం మధ్యలో ఓ మిల్లు మూతపడింది, గేటుకు తాళం పడి ఏళ్లయింది, ఇప్పుడు ఆ స్థలానికి ప్లాన్ వేయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? మునిసిపల్ ఇంజనీర్లు, ప్లానింగ్ విద్యార్థులు, స్థలం యజమానులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది తెల్ల కాగితం పరిచి రోడ్లు గీయడంతో మొదలుపెడతారు. పని చెడేది అక్కడే. ఫ్యాక్టరీ నిలబడ్డ నేల ఖాళీ నేల కాదు. పైన పునాదులు, షెడ్లు, రైలు పట్టాలు మిగిలి ఉంటాయి. కింద ట్యాంకులు, పైపులు, అరవై డెబ్బై ఏళ్లుగా ఇంకిన రసాయనాలు ఉంటాయి. ముందు నేల, తర్వాత భవనాలు, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే గీతలు. ఈ వరస తప్పితే ఒకే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

లెక్కలు తేలిగ్గా ఉండాలని ఇక్కడ 10 హెక్టార్ల స్థలం, అంటే సుమారు 25 ఎకరాలు, తీసుకున్నాం. మీ స్థలాన్ని బట్టి అంకెలు మార్చుకోండి.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- 1:500 స్కేలులో సర్వే. అరమీటరు కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు), ప్రతి చెట్టు, ప్రతి మ్యాన్‌హోలు, పక్క రోడ్ల మట్టాలు కూడా ఉండాలి.
- పాత మ్యాపులు, ఏరియల్ ఫొటోలు, ఫ్యాక్టరీ సొంత డ్రాయింగులు. కనీసం పదేళ్లకొకటి చొప్పున సంపాదించండి.
- భూమి పత్రాలు: యాజమాన్యం, లీజులు, తాకట్లు, దారి హక్కులు, కోర్టు కేసులు, కార్మికుల బకాయిలు.
- మనుషులు: కలుషిత నేలల మీద పనిచేసిన ఇంజనీరు, స్ట్రక్చరల్ ఇంజనీరు, నీటి పారుదల తెలిసినవారు, ఆస్తి విలువ కట్టేవారు, ప్లానర్.
- ఆ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్లు నలుగురైదుగురు. వీళ్లను వదులుకోకండి. ఏ డ్రాయింగులోనూ లేని సంగతులు వీళ్లకే తెలుసు.
- గీత గీయడానికి ముందు ఆరు నుంచి తొమ్మిది నెలల సమయం. భూగర్భ జలాన్ని ఎండాకాలం చివర ఒకసారి, వానాకాలం చివర ఒకసారి కొలవాలి కాబట్టి ఇంతకన్నా కుదించలేం.

1. ఎక్కడ ఏం జరిగేదో మ్యాపు మీద పెట్టండి

పాత మ్యాపులన్నీ ఒకే స్కేలుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పరవండి. బాయిలర్ ఎక్కడుంది, బొగ్గు ఎక్కడ పోసేవారు, బూడిద ఎక్కడ పారబోసేవారు, డీజిల్ ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్లు, రంగుల తొట్లు, వ్యర్థజలం వదిలిన కాలువ ఎక్కడెక్కడ అన్నవి ఒక్కో రంగుతో గుర్తించండి. ఆ తర్వాత రిటైరైన కార్మికులను స్థలంలోకి తీసుకెళ్లి నడిపించండి. "ఇక్కడో గొయ్యి ఉండేది, డ్రమ్ములు అందులో పడేసి పూడ్చేశారు" లాంటి మాట కూర్చోబెట్టి అడిగితే రాదు, ఆ చోట నిలబడినప్పుడు వస్తుంది.

ఏ పరిశ్రమ ఏం వదిలి వెళుతుందో తెలిస్తే దేనికోసం వెతకాలో తెలుస్తుంది:

- బొగ్గు నుంచి గ్యాస్ తీసిన చోట: తారు, బెంజీన్, సైనైడ్ సమ్మేళనాలు.
- తోలు శుద్ధి: క్రోమియం, ఆర్సెనిక్.
- ఎలక్ట్రోప్లేటింగ్: క్రోమియం, నికెల్, కాడ్మియం, సైనైడ్.
- బ్యాటరీలు: సీసం, ఆమ్లం.
- పాదరసం సెల్స్‌తో కాస్టిక్ సోడా తీసిన చోట: పాదరసం.
- యంత్ర భాగాలకు అంటిన గ్రీజు కడిగిన షాపులు: క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు (గ్రీజును కరిగించే ద్రవాలు).
- పాత ట్రాన్స్‌ఫార్మర్లు: పీసీబీ (క్లోరిన్ ఉన్న విష రసాయనాలు) కలిసిన నూనెలు.
- ఏ ఫ్యాక్టరీ అయినా: ఆస్‌బెస్టాస్ రేకులు, పైపులకు చుట్టిన ఆస్‌బెస్టాస్, పాత పెయింట్లలో సీసం.

సాల్వెంట్ల సంగతి కాస్త గట్టిగా గుర్తుపెట్టుకోండి. డీజిల్, పెట్రోలు భూగర్భ జలం మీద తేలుతాయి. క్లోరిన్ సాల్వెంట్లు నీటికన్నా బరువు, కిందికి దిగి గట్టి పొర తగిలేదాకా పోతూనే ఉంటాయి. పైపైన మట్టి తీసి పరీక్షిస్తే అంతా శుభ్రంగా కనిపిస్తుంది.

2. తవ్వి చూడండి

మొదటి విడతలో 50 మీటర్లకు ఒక గుంట చొప్పున గ్రిడ్ వేస్తే 10 హెక్టార్లకు 40 చోట్లు వస్తాయి. 25 మీటర్ల గ్రిడ్ అయితే 160. మొదటి నలభైతో మొదలుపెట్టి, అనుమానం తగిలిన భాగంలోనే గ్రిడ్‌ను బిగించండి. మొదటి అడుగులో గుర్తించిన ట్యాంకు, గొయ్యి, కాలువ గ్రిడ్‌లో పడినా పడకపోయినా విడిగా తవ్వాల్సిందే. రెండు గుంటల మధ్య 50 మీటర్లుంటే 10 మీటర్ల నూనె ట్యాంకు దొరక్కుండా పోవడానికి బోలెడు చోటుంది.

ఎక్స్‌కవేటరుతో మూడు మీటర్ల గుంట తీయించి గోడ చూడండి. పైన ఓ జానెడు నల్లటి బూడిద, గాజు పెంకులు. దాని కింద ఇటుక ముక్కలు కలిసిన మట్టి. మధ్యలో ఎక్కడో నీలిరంగు చార కనబడిందనుకోండి, అది గ్యాస్ ఫ్యాక్టరీలో గ్యాస్‌ను శుద్ధి చేసి పారేసిన పదార్థం, సైనైడ్ సమ్మేళనం. ఇంకా కిందికి పోతే అసలు నేల, రంగు ఒక్కసారిగా మారిపోతుంది. ప్రతి పొర నుంచీ విడిగా నమూనా తీయండి. అసలు నేల తగిలాక అందులోనూ అర మీటరు నుంచి మీటరు లోపలికి పోయి ఒకటి తీయండి. కాలుష్యం ఎక్కడ ఆగిందో తెలిసేది దానితోనే.

హెచ్చరిక: ఆసరా కట్టని గుంటలోకి మనిషి దిగకూడదు. నమూనా ఎక్స్‌కవేటరు బకెట్‌లోంచే తీయాలి. వాసన చూసి పోల్చుకోవాలని ముక్కు దగ్గర పెట్టుకోకండి.

నమూనాల దగ్గర ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇవి. ఖర్చు తగ్గుతుందని ఐదు గుంటల మట్టి కలిపి ఒకే నమూనాగా పంపుతారు, ఒక గుంటలోని విషం మిగతా నాలుగింటిలో పలచబడి దాక్కుంటుంది. ఆవిరయ్యే రసాయనాలకు మట్టిని మామూలు ప్లాస్టిక్ సంచిలో వేసి పంపుతారు, ల్యాబుకు చేరేసరికి రసాయనం గాలిలో కలిసిపోతుంది. దీనికి ల్యాబు ఇచ్చే బిగుతు మూత గాజు సీసాలే వాడి, ఐసు పెట్టెలో పంపాలి. క్రోమియం మొత్తం ఎంతో అడిగి ఊరుకుంటారు, కానీ ప్రమాదకరమైనది హెక్సావాలెంట్ క్రోమియం. అది ఎంతుందో విడిగా అడగాలి.

ల్యాబును సరిచూసుకోవడం తేలిక. ప్రతి పది నమూనాలకు ఒకదాన్ని రెండుగా చేసి, రెండో దానికి వేరే నంబరు వేసి పంపండి. రెండు ఫలితాలూ బాగా దూరంగా వస్తే మొత్తం బ్యాచ్‌ను అనుమానించండి.

భూగర్భ జలం ఎటు పారుతోందో తేల్చడానికి కనీసం మూడు పరిశీలన బోర్లు కావాలి, ఒకే వరసలో కాకుండా ముక్కోణంలో. ఒక బోరు స్థలానికి ఎగువన ఉండాలి. అప్పుడే పక్కవాళ్ల కాలుష్యమేదో మీదేదో విడదీయగలరు. చెత్త పూడ్చిన చోట మీథేన్ కూడా కొలవండి, ఒక్కరోజు కొలిచి వదిలేయొద్దు. వాతావరణ పీడనం పడిపోయే రోజున నేలలోంచి గ్యాస్ ఎక్కువ వస్తుంది, అలాంటి రోజూ ఒకటి ఉండాలి. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే మీథేన్ పేలుతుంది.

3. ఏ మట్టికి ఏ వైద్యమో నిర్ణయించండి

ప్రతి కలుషిత చోటుకీ మూడు గడుల పట్టిక వేయండి: విషం ఏది, ఏ దారిన కదులుతుంది, చివరికి ఎవరిని చేరుతుంది. మూడింటిలో ఒకటి తెగినా ప్రమాదం తెగినట్టే. మాస్టర్ ప్లాన్‌కు ఈ పట్టిక ప్రాణం. ఎక్కడ ఇళ్లు రావాలో, ఎక్కడ కాంక్రీటు కప్పిన పార్కింగ్ చాలో దీన్నిబట్టే తేలుతుంది.

- తవ్వి తరలించడం వేగంగా అయిపోతుంది, కానీ లారీల లెక్క వేసుకోండి. ఒక హెక్టారు మీద మీటరు లోతు అంటే 10,000 ఘనపు మీటర్లు. తవ్వాక మట్టి పావువంతు ఉబ్బుతుంది, 12,500 అవుతుంది. లారీకి 10 చొప్పున 1,250 లోడులు. ఆ లారీలు పోయే వీధిలో జనం ఉంటారు.
- నూనె, డీజిల్ కలిసిన మట్టిని వరుసలుగా పోసి, గాలి, తేమ, ఎరువు అందిస్తే సూక్ష్మజీవులే తింటాయి. నెలలు పడుతుంది, చోటు కావాలి. లోహాలకు ఈ పద్ధతి పనికిరాదు.
- లోహాలున్న మట్టికి సిమెంటు లాంటి బంధకం కలిపి గట్టిపరచవచ్చు.
- శుభ్రమైన మట్టితో కప్పడం అన్నిటికన్నా ఎక్కువగా వాడే దారి. తోటలు, పిల్లలు ఆడే చోట్ల 60 సెంటీమీటర్లు మామూలు. కింద రంగు జియోటెక్స్‌టైల్ (నేలలో పరిచే గట్టి గుడ్డ) పరచాలి, రేపెవరైనా తవ్వితే అది కనబడగానే ఆగుతారు.
- మొక్కలతో లోహాలు లాగించడం వినడానికి బాగుంటుంది గానీ చాలా నెమ్మది. చివరి దశలో కట్టే భాగానికి తప్ప దాని మీద ఆధారపడకండి.

కప్పిన పొరను తర్వాతి పనులు చీల్చేస్తాయి. అమెరికాలోని నయాగరా ఫాల్స్‌లో రసాయన వ్యర్థాలు పూడ్చి బంకమట్టి కప్పిన చోట బడి, వీధులు, మురుగు పైపులు వేశారు. ఆ తవ్వకాలతో కప్పు దెబ్బతింది. 1978లో అక్కడి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. లవ్ కెనాల్ అన్న పేరు అలా ప్రపంచానికి తెలిసింది. కాబట్టి పైపులు, కేబుళ్లు పోయే దారులను ప్లాన్‌లోనే ముందుగా నిర్ణయించి, ఆ కందకాలను మొత్తం శుభ్రమైన మట్టితో నింపండి. పెట్రోలు, సాల్వెంట్లు మామూలు ప్లాస్టిక్ నీటి పైపు గోడలోంచి లోపలికి చొరబడతాయి. అలాంటి చోట అల్యూమినియం పొర ఉన్న పైపు వాడాలి.

పార్కు చేస్తే శుద్ధి అక్కర్లేదనుకోవడమూ పొరపాటే. అమెరికాలోని సియాటిల్‌లో 1956లో మూతపడ్డ గ్యాస్ ప్లాంటును ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు రిచర్డ్ హాగ్ పార్కుగా మలిచారు, యంత్రాల టవర్లను అలాగే ఉంచారు. 1975లో జనానికి తెరిచిన ఆ గొప్ప పార్కును 1984లో కాలుష్య పరీక్షల కోసం కొంతకాలం మూశారు. పార్కు పెట్టినా మట్టిని ఏళ్ల తరబడి పరిశీలించేందుకు డబ్బు, మనుషులు ప్లాన్‌లో ఉండాలి.

4. ఏ భవనం ఉంచాలో తేల్చండి

కూల్చివేత కాంట్రాక్టరు రాకముందే ఈ పని కావాలి. ప్రతి భవనానికీ ఒక పేజీ: కొలతలు, నిర్మాణం, ఎత్తు, పాడైన భాగాలు, కార్మికుల జ్ఞాపకాల్లో దానికున్న చోటు. మూడు వర్గాలు పెట్టుకోండి: తప్పక ఉంచేది, వాడుక దొరికితే ఉంచేది, తీసేసేది. అనుమానముంటే రెండో వర్గంలో వేయండి. కూల్చినదాన్ని మళ్లీ తేలేం.

కాంక్రీటు ఆరోగ్యం చూడటానికి చవకైన పరీక్ష ఉంది. స్తంభం మూల నుంచి చిన్న ముక్క కొట్టి, దుమ్ము ఊది, ఆ తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చిలకరించండి. లోపలి భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, బయటి అంచు రంగు లేకుండా ఉండిపోతుంది. ఆ రంగులేని పట్టీ మందాన్ని స్కేలుతో కొలవండి. ఇనుప చువ్వ 25 మిల్లీమీటర్ల లోపల ఉండి, పట్టీ 10 మిల్లీమీటర్లే అయితే ఇంకా ఫరవాలేదు. పట్టీ చువ్వను దాటిందంటే తడి తగిలిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. ఒక్కో అంతస్తులో కనీసం ఐదారు చోట్ల చేయండి, బాత్‌రూముల పక్కన, పైకప్పు కారే చోట తప్పనిసరిగా.

పోత ఇనుప స్తంభాలు కనబడితే వాటికి వెల్డింగ్ చేయించవద్దు, అవి పెళుసు. సున్నపు గచ్చుతో కట్టిన ఇటుక గోడలకు సిమెంటు పూత పూయించవద్దు. గోడలోని తడి బయటికి పోలేక ఇటుకే పొరలు పొరలుగా రాలుతుంది.

వెలుతురు లెక్క: కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం దాకానే పగటి వెలుగు పని చేస్తుంది. పైఅంచు 3.5 మీటర్లుంటే 7 నుంచి 9 మీటర్లు. 30 మీటర్ల వెడల్పు షెడ్డును ఇళ్లుగా మారిస్తే నడిమి భాగం చీకటి. మధ్యలో పైకప్పు తీసి ముంగిలి చేయండి, లేదా వెలుగు పెద్దగా అక్కర్లేని వాడుక పెట్టండి. రంపపు పళ్ల పైకప్పు ఉంటే అది వరం, అద్దాలు బాగుచేస్తే చాలు.

దేనికీ పనికిరాదనుకున్నదానికి కూడా పని దొరుకుతుంది. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడ్డ ఉక్కు కర్మాగారాన్ని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు పీటర్ లాట్జ్ పార్కుగా మార్చినప్పుడు గ్యాస్ ట్యాంకును నీళ్లతో నింపి డైవింగ్‌కు ఇచ్చారు, ఖనిజపు బంకర్ల గోడలు కొండలెక్కేవాళ్ల సాధనకు పనికొచ్చాయి.

5. నీళ్లకు దారి ఇవ్వండి

10 హెక్టార్ల మీద 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 70 శాతం పారితే 3,500 ఘనపు మీటర్లు. మీటరు లోతు కుంటలో పట్టడానికి 0.35 హెక్టారు కావాలి. ఈ చోటు రోడ్లకన్నా ముందు, స్థలంలో అన్నిటికన్నా పల్లంలో కేటాయించండి. రోడ్లు గీశాక వెతికితే దొరకదు. మీ ప్రాంతపు పెద్దవాన అంకెతో ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

హెచ్చరిక: ఇంకుడు గుంటలు మంచివని అన్నిచోట్లా పెట్టకండి. కలుషిత మట్టి మీద ఇంకించిన నీరు విషాన్ని కడిగి కిందికి తీసుకుపోతుంది. అక్కడ కుంట అడుగున నీరింకని పొర వేయాలి. ఇంకుడు గుంటలు పరీక్షలో శుభ్రమని తేలిన చోటే.

వరద ముప్పున్న నదీ తీరమైతే మట్టాలే ప్లాన్‌ను నడిపిస్తాయి. 2000లో మాస్టర్ ప్లాన్ ఆమోదం పొందిన, జర్మనీలోని హాంబర్గ్ హాఫెన్‌సిటీ 157 హెక్టార్ల పాత ఓడరేవు. అక్కడ చుట్టూ కట్ట కట్టకుండా, భవనాలను సముద్ర మట్టానికి 8, 9 మీటర్ల ఎత్తైన దిమ్మెల మీదికి తెచ్చారు.

6. ప్రహరీని దాటించండి

ఫ్యాక్టరీ గోడ దశాబ్దాలపాటు చుట్టుపక్కల సందులన్నిటినీ ఆపేసింది. గోడకు తగిలి ఆగిన ప్రతి సందునూ మ్యాపు మీద గుర్తించి, ఎదుటి వైపు సందుతో కలపండి. చదరపు 10 హెక్టార్ల స్థలం చుట్టుకొలత సుమారు 1,265 మీటర్లు. 100 మీటర్లకొకటి చొప్పున పన్నెండు నడక దారులు రావాలి. రెండే గేట్లున్న ప్లాన్ వస్తే అది పేరు మార్చుకున్న ఫ్యాక్టరీయే. బ్లాకులు 60 నుంచి 90 మీటర్లు ఉంచండి. పాత పట్టాల దారి నడకకు, సైకిళ్లకు సరిగ్గా సరిపోతుంది.

7. స్థలం లెక్క వేయండి

రోడ్లు 2.4 హెక్టార్లు, పార్కులు, కుంట 2.1, బడి, ఆరోగ్య కేంద్రం, సబ్‌స్టేషన్ 0.7, కట్టడానికి 4.8. ఆ 4.8 మీద ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు అంతస్తులన్నీ కలిపి కట్టవచ్చో చెప్పే అంకె) 2.5 అనుకుంటే 1,20,000 చదరపు మీటర్లు. అందులో 60 శాతం ఇళ్లకైతే 72,000. గోడలు, మెట్లు పోగా 80 శాతం, అంటే 57,600. ఇల్లు సగటున 72 చదరపు మీటర్లయితే 800 ఇళ్లు. ఇంటికి 3.5 మంది చొప్పున 2,800 మంది. బహిరంగ స్థలం మనిషికి 7.5 చదరపు మీటర్లు. నీళ్లు మనిషికి 150 లీటర్ల చొప్పున రోజుకు 4,20,000 లీటర్లు. ఇవి వచ్చాక నీటి శాఖను, బడిని, బస్సులవాళ్లను అడగండి. మోయలేమంటే ఎఫ్‌ఎస్‌ఐ తగ్గించండి.

పార్కుల్లో, ఇళ్లలో ప్రజల వాటాను ఎప్పుడూ మొత్తం స్థలం మీద శాతంగా రాయండి. ముంబై మిల్లు భూములకు 1991 నియమం మూడు వాటాలు వేసింది: ఒకటి బహిరంగ స్థలానికి, ఒకటి అందుబాటు ధర ఇళ్లకు, ఒకటి యజమానికి. 2001 సవరణ ఆ పంపకాన్ని మిల్లులోని ఖాళీ జాగాకే పరిమితం చేసింది. షెడ్లతో నిండిన మిల్లులో ఖాళీ జాగా ఎంతుంటుంది? ప్రజలకు రావాల్సిన వాటా బాగా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణను సమర్థించింది. ఒక్క పదంతో నగరం పోగొట్టుకున్న నేల అది, అందుకే నిర్వచనాల పేజీని మీరే కూర్చుని చదవండి.

8. దశలుగా విడగొట్టండి

మొదటి దశలో శుభ్రమైన నేల, ఉంచే ఒక పెద్ద భవనం, అసలైన బహిరంగ స్థలం మూడూ పడేలా చూడండి. లండన్ కింగ్స్‌క్రాస్‌లో 67 ఎకరాల రైల్వే భూమికి 2006లో అనుమతి వచ్చింది. పాత ధాన్యపు గోదాములోకి 2011లోనే కళల విశ్వవిద్యాలయం వచ్చింది. చుట్టూ ఆఫీసులు ఇంకా లేవలేదు గానీ విద్యార్థులతో ఆ చోటికి రాకపోకలు మొదలయ్యాయి.

మిగతా భాగాలు ఏళ్లపాటు ఖాళీగా ఉంటాయి. పరీక్షలో పాసైన షెడ్లను వర్క్‌షాపులకు, సంతలకు, ఆటలకు గడువు రాసిన లీజుతో ఇవ్వండి. గడువు రాయకపోతే రేపు ఖాళీ చేయించేటప్పుడు గొడవ, అది వాళ్లకూ అన్యాయమే. కూరగాయలు పెంచుతామంటే అడుగున పొర వేసిన ఎత్తు మడుల్లో మాత్రమే.

9. ఏది బిగించాలి, ఏది వదలాలి

వీధుల హద్దులు, బహిరంగ స్థలం, నీటి దారి, ఉంచే భవనాలు, ఎత్తుల పరిమితి, నేల మీద ఆంక్షలు: ఇవి కదలకూడదు. ఏ ప్లాటులో ఆఫీసు, ఏ ప్లాటులో ఇల్లు అన్నది గరిష్ట పరిమితులతో వదిలేయండి. పదిహేనేళ్లలో గిరాకీ మారుతుంది. అన్నీ బిగిస్తే ప్రతి చిన్న మార్పుకూ అనుమతి కోసం తిరగాలి, అన్నీ వదిలేస్తే పార్కే ముందు పోతుంది.

10. సరిచూసుకోండి

- ప్లాన్ మీద కాలుష్య మ్యాపును ట్రేసింగ్ కాగితంలా పరవండి. బడి, ఇళ్లు, ఇంకుడు గుంట ఏదైనా కలుషితమని గుర్తించిన చోటు మీద పడిందా?
- ప్రతి దశ చివరా "పని ఇక్కడితో ఆగిపోతే?" అని అడగండి. అప్పటికి కట్టిన ఇళ్లకు నీళ్లు, డ్రెయిను, రోడ్డు, పార్కు సొంతంగా నడవాలి. పార్కు చివరి దశలో ఉంటే ప్లాన్ వెనక్కి పంపండి.
- దశలవారీ ఖర్చు, రాబడి కూడికను గ్రాఫ్ వేయండి. మట్టి శుద్ధి ఖర్చంతా మొదట్లోనే పడుతుంది. గ్రాఫ్‌లో లోతైన ఆ గుంతను ఎవరి డబ్బు పూడుస్తుందో పేరుతో సహా రాసి ఉండాలి.
- శుద్ధి అయిన చోట గుంట గోడల నుంచీ, అడుగు నుంచీ మళ్లీ నమూనాలు తీసి, శుద్ధి చేసిన కాంట్రాక్టరుకు సంబంధం లేని ల్యాబుకు పంపండి. బయటి నుంచి తెచ్చిన "మంచి మట్టి"నీ పరీక్షించండి, అది ఇంకో ఫ్యాక్టరీ స్థలం నుంచి వచ్చి ఉండొచ్చు.
- కప్పిన శుభ్రమైన మట్టి మందాన్ని నమ్మకంతో వదలొద్దు. తోటల్లో 30 మీటర్లకొక చిన్న గొయ్యి తీసి, రంగు గుడ్డ తగిలేదాకా స్కేలు పెట్టండి. 60 సెంటీమీటర్లు రావాల్సిన చోట 45 వస్తే ఆ భాగానికి బిల్లు ఆపి మట్టి పోయించండి.
- పాత కార్మికులను మళ్లీ పిలిచి ప్లాన్ చూపించండి. వాళ్లు వేలు పెట్టి "ఇక్కడ గొయ్యి ఉండేదని చెప్పాం కదా" అంటే, పక్క రోజే ఆ చోట ఎక్స్‌కవేటరు దించండి.